వంటింటికి మంజూరైన దారి

బొంబాయిలో నేను చదివిన పై చదువు ఇంటి లోపలి గురించి. ఇంటి బయటి గురించి అప్పటికే అయిదేళ్ళు చదివి ఉన్నాను. లోపల మిగిలిపోయింది, అది కూడా చదివేస్తానని మా నాన్నగారికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “మొదటిసారి లోపలికి రానివ్వలేదా?” అని అడిగారు.

ఇంటీరియర్ ఆర్కిటెక్చర్ అనే మాట అరవైల చివర్లో మా విజయనగరం వైపు ఎవరూ విని ఉండరు. దరఖాస్తు పెట్టే ముందువరకూ నేనూ వినలేదు.

రెండో ఏడు థీసిస్ రాయాలి. మా ప్రొఫెసరు గారు పైపు పీలుస్తూ విషయం తేల్చేశారు. ఒకే నమూనాలో కట్టిన ఇళ్ళు ఎంచుకోవాలి. నక్షా గీసినవాడు ఏ గది దేనికనుకున్నాడు, జనం దాన్ని దేనికి వాడుతున్నారు, రెండూ కొలిచి పక్కపక్కన గీయాలి. తేడా ఎంత ఉంటే థీసిస్ అంత.

నేను మా అక్కావాళ్ళుండే ఫ్యాక్టరీ కాలనీ ఎంచుకున్నాను. అక్కడ తేడాలుంటాయని కాదు. భోజనం ఉంటుందని. మా బావ ఆ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. కొలతలు తీసుకోవడానికి ఎస్టేటు ఆఫీసరు అనుమతి ఇచ్చాడు. థీసిస్ పూర్తయ్యాక ఒక కాపీ తన ఆఫీసుకి ఇవ్వాలన్నది ఒక్కటే షరతు.

కాలనీలో ఇళ్ళన్నీ అచ్చు గుద్దినట్టుంటాయి. ముందొక గది, దాని వెనక వంటిల్లు, రెండింటి మధ్యా తలుపు లేని గోడ. వంటింట్లోకి వెళ్ళాలంటే ముందు గదిలోంచి పక్కనున్న నడవలోకి దిగి, పాయిఖానా తలుపు ముందునించి నడిచి, వెనకనించి దూరాలి. పాయిఖానాకీ వంటింటికీ ఒకే నీళ్ళ గొట్టం సరిపోయేలా గీశాడు ఆ మహానుభావుడెవరో. గొట్టం వైపునించి చూస్తే అది చాలా మంచి ఇల్లు.

టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా ఒకటే సంభాషణ.

“వంట ఎక్కడ చేస్తారమ్మా?”

“వంటింట్లోనే బాబూ.”

“అందులోకి ఎటునించి వెళ్తారు?”

“నడవలోంచి. మంచి దారి బాబూ.”

మంచి దారి అని అడక్కుండానే అందరూ ఎందుకు చెబుతున్నారో ఆలోచించాల్సింది. అది మా సిలబసులో లేదు. ప్రతి ఇంట్లోనూ ముందు గది వెనక గోడకి నట్టనడుమ ఒక చెక్క బీరువా ఉండేది. కార్మిక కుటుంబాల అభిరుచిలో ఏకత అని దాని మీద ఒక పేరా రాసుకున్నాను. ఆ పేరా నాకు బాగా నచ్చింది కూడాను.

కొలతలు బొంబాయి పంపిస్తే ప్రొఫెసరు గారి జవాబు వచ్చింది. మీ ప్రాంతపు జనం చాలా విధేయులు, సంతోషం, ఇందులో థీసిస్ లేదు, తేడా కనిపెట్టలేకపోతే ఇంకో ఏడాది చదువుకోవచ్చు అని సారాంశం. ఇంకో ఏడాది లోపలే ఉంటే మా నాన్నగారు ఏమంటారో ఊహించుకోడానికి పెద్ద కష్టపడక్కర్లేదు.

అక్క ఇంట్లో నా మకాం అరుగు మీద. పడక అక్కడే, భోజనం అక్కడికే వచ్చేది. గాలి బాగా వస్తాదిరా అని అక్క చెబితే నమ్మాను. ఒకరోజు మిట్టమధ్యాహ్నం వాన పట్టుకుంటే ముందే తిరిగొచ్చి ముందు గదిలో కూర్చున్నాను. అక్క పిల్లాణ్ణి ఎత్తుకుని పక్కింటికి వెళ్ళింది. నేను తల తుడుచుకుంటూ ఉండగా బీరువా పక్కకి జరిగింది. దాని వెనకనించి అన్నం గిన్నెతో మా అత్త వచ్చింది. అత్త అంటే బావ తల్లి.

ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. ముందు తేరుకున్నది ఆవిడే.

“కాల్లు కడుక్కున్నావేటి, అల్లుడా?” అంది.

బీరువా తలుపు తీసి చూశాను. ఖాళీగా ఉంది. నిండా ఉంటే ముసలావిడ ఎలా జరుపుతుంది? దాని వెనక గోడకి మనిషి పట్టేంత కంత, కంతలోంచి వంటిల్లు, వంటింట్లో ఉడుకుతున్న పప్పు.

బావ డ్యూటీ దిగి వచ్చేదాకా ఆగి అడిగాను. ఆయన చొక్కా విప్పి దండేనికి వేసి, తీరిగ్గా కూర్చున్నాడు.

“అమ్మ రాజాంనించి వచ్చిన రోజే సెప్పీసినాది. లెట్రిన్ ముందునుంచి మోసుకొచ్చిన అన్నం నేను తినను, తిరిగి బస్సెక్కించీయంది. మీ అక్కకి అప్పుడు నెలలు నిండతన్నాయి. అమ్మ ఎల్లిపోతే ఎవలు సూస్తారు? గోడకి గునపం ఎట్టీసినాను. మావోళ్ళంతా సూసి, ఒకలెనకాల ఒకలు అందరూ ఎట్టీసినారు.”

“నాకు చెప్పొచ్చు కదా బావా.”

“నువ్వు నోరు జారతావని కాదు. నువ్వు బొమ్మ గీస్తావు.”

చేతిలోని టేపుని చుట్టి పక్కన పెట్టాను. బావే మళ్ళీ అందుకున్నాడు.

“గోడ ముట్టుకుంటే కోర్టరు కాళీ సెయ్యాల. రూలు. ఓవర్సీరు కంట పడ్డాదంటే అయిపోనాది. నీ పుస్తకం ఆఫీసుకి ఎల్తాదట కదా. ఉన్నదున్నట్టు గీస్తే మాకు కోర్టరు పోతాది, గీయకపోతే నీకు డిగ్రీ పోతాది. ఏది పోవాలో సదువుకున్నోడివి, నువ్వే సెప్పు బామ్మర్దీ.”

ఆ క్షణాన చదువుకున్నవాడు అరుగు మీద వానని చూస్తున్నాడు. జవాబు అక్కనించి వచ్చింది. పిల్లాణ్ణి జో కొడుతూ, తల తిప్పకుండానే అంది.

“లేనట్టు గీయరా. పక్కన, ఉంటే బాగుణ్ణని గీయి.”

నా థీసిస్ అదే. ఎడమ పేజీలో ప్రస్తుత స్థితి పేరుతో గోడ. కుడి పేజీలో ప్రతిపాదన పేరుతో కంత. దారి ఎంత వెడల్పుండాలో, గడప ఎంత ఎత్తుండాలో, గాలి ఎటు తిరుగుతుందో శ్రద్ధగా రాశాను. కంతని ముందు పెట్టుకుని కొలిచాను కాబట్టి అంకెలు చక్కగా కుదిరాయి.

బొంబాయిలో మౌఖిక పరీక్ష జరిగింది. ఉపయోగించేవాళ్ళ మనసు ఇంతగా తెలుసుకుని చేసిన ప్రతిపాదన ఈ మధ్య చూడలేదని ప్రొఫెసరు గారు అన్నారు. బయటినించి వచ్చిన పరీక్షకుడికి మాత్రం ఒక సందేహం మిగిలింది.

“వాళ్ళు సంప్రదాయం పట్టుకున్న మనుషులు. ఇలాంటి మార్పుకి ఒప్పుకుంటారా?”

నచ్చచెబితే ఒప్పుకుంటారని అనుకుంటున్నాను, అన్నాను. నాకు మొదటి తరగతి వచ్చింది.

కాపీని మాట ప్రకారం ఎస్టేటు ఆఫీసుకి పంపించాను. అలాంటి కాపీలు ఎవరూ చదవరని నా నమ్మకం. ఆ ఆఫీసరు చదివాడు. చదివి ముచ్చటపడ్డాడు. ప్రతిపాదన మంజూరు చేసి, కాలనీ అంతటా వెంటనే గోడలకి దారులు తీయించమని, అది కూడా రచయిత బంధువు ఇంటినించి మొదలుపెట్టమని, ఓవర్సీరుకి ఆర్డరు వేశాడు. ఉన్న కంతని తీయించడం ఎవరి తరమూ కాదు. తాపీవాళ్ళు వచ్చేసరికి కొట్టడానికి మళ్ళీ గోడ ఉండాలి.

నేను డిగ్రీతో దిగేసరికి కాలనీ అంతా ఇటుకలు మోస్తోంది. నాతో మాట్లాడేవాళ్ళు తగ్గారు. సిమెంటు పర్మిటు మీదే దొరికే రోజులు కనక అందరూ బంకమన్ను తొక్కుతున్నారు. అత్త పొయ్యి పెరట్లోకి మార్చేసి, “డిగ్రీ వొచ్చిందట కదల్లుడా,” అంది. బావ పంచె ఎగ్గట్టి వరస వెనక వరస పేరుస్తున్నాడు. నేను ఇటుకలు అందిస్తున్నాను. అంతకుముందు ఇటుక చేత్తో పట్టుకున్న జ్ఞాపకం నాకు లేదు.

“బయటి గురించి సదివావు, లోపలి గురించి సదివావు,” అన్నాడు బావ. “మద్దెనున్న గోడ గురించి ఎప్పుడు సదువుతావు?”

మెత్తి సున్నం కొట్టాం. పాత గోడ తెల్లగా ఉంది. కొత్త ముక్క తెల్లగానూ తడిగానూ ఉంది. విసనకర్రతో విసిరాం. కుంపటి పెట్టాం. మనిషాకారంలో ఉన్న ఆ తడి పెద్దగా తగ్గలేదు. బీరువా అడ్డం పెడదామంటే, తాపీవాళ్ళు కొట్టాల్సింది సరిగ్గా అక్కడే.

ఓవర్సీరు చెప్పిన రోజున తాపీమేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. బక్కపల్చటి మనిషి, చేతిలో నా నక్షా. అక్క పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుని గుమ్మంలో నించుంది. బావ నా వైపు చూడటం మానేశాడు. మేస్త్రీ గునపం ఎత్తి ఒక్క పోటు పొడిచాడు. రెండో పోటు అక్కర్లేకపోయింది. ఇటుకలన్నీ కలిసికట్టుగా వంటింట్లోకి పడిపోయాయి.

ఓవర్సీరు వంగి ఒక ఇటుక తీసుకున్నాడు. దానికి అంటిన మట్టిని వేలితో నొక్కాడు. వేలు దిగింది. బావ వైపు చూశాడు, నక్షా చూశాడు, నన్ను చూశాడు. అక్క తన సామాను ఏ బండి మీద వెళ్తుందో లెక్కేసుకుంటోందని నాకు అర్థమైంది.

ఓవర్సీరు ఇటుకని మెల్లగా కింద పెట్టి, వేలు తువ్వాలుకి తుడుచుకున్నాడు.

“మేస్త్రీ,” అన్నాడు. “ఈ వీధి అయ్యాక పై వీధి పట్టు. మా కోర్టరు ఆకర్న ఎట్టు. నిన్న సాయంత్రమే మెత్తాను, ఇంకా ఆరలేదు.”

బావ వెళ్ళి ఇటుకలు ఏరడం మొదలుపెట్టాడు. ఓవర్సీరు రిజిస్టరు తీసి, పని సంతృప్తికరం అని రాసుకున్నాడు. పెరట్లోంచి అత్త పొయ్యి ఎత్తుకొచ్చి, ఆ దుమ్ములోనే యథాస్థానంలో పెట్టి, ఆయన్ని భోజనానికి ఉండమంది. ఉన్నాడు.