అత్తమ్మ అడిగిన ముందు గది

మా ఇంట్లో ఏడాది పాటు చావు అనే మాట మీద నిషేధం నడిచింది. ఒక్క చావేమిటి, జ్వరం, నష్టం, అప్పు, ఆలస్యం, ఏదీ నోటితో అనకూడదు. అంటే మనసులో పడుతుందట, మనసులో పడితే మొలుస్తుందట. ఈ సంగతి మా ఆయనకు చెప్పినవాడు హనుమకొండలో ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకుని శనివారం మనోబలం తరగతులు, ఆదివారం ఆరాధన నడిపే పాస్టరు గారు. రెండు రోజులూ చెప్పేది ఒకటే. ఆదివారం మాత్రం కీబోర్డు, డ్రమ్ములు అదనం.

నేను పుట్టు క్రైస్తవురాలిని. మా తాతలు పెంకుల గుడిలో చాపల మీద కూర్చుని దేవుణ్ణి వానలు అడిగారు, పిల్లలకు చదువు అడిగారు, ఉన్నదాంట్లో నెమ్మది అడిగారు. మేడ అడిగినవాళ్లు మా వంశంలో ఎవరూ లేరు. అడగడం చేతకాకనే పేదవాళ్లుగా పోయారని పాస్టరు గారు తేల్చేశారు. పోయిన వాళ్లు జవాబు చెప్పుకోలేరు కదా, ఎన్నయినా అనొచ్చు.

మా ఆయనకు వరంగల్‌లో విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. ఒకరోజు నేను పాఠాలు చెప్పే బడి నుంచి వస్తూ అక్కడ ఆగాను. నర్సంపేట వైపు రైతు ఒకాయన మందు సీసా చేతిలో పట్టుకుని, "సేటూ, పత్తికి పురుగు బాగ పట్టింది. గిది పనిచేస్తదా?" అని అడుగుతున్నాడు.

"అట్ల అనద్దు కాకా," అన్నాడు మా ఆయన. "నా చేన్ల పురుగే లేదని గట్టిగ నమ్ము. పొద్దున లేవంగనే నోరిడిసి అను."

రైతు సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గట్లయితే మందెందుకు మల్ల?" అని సీసా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

"విశ్వాసమంటే అదీ!" అని మా ఆయన మురిసిపోయాడు. ఆ కాకా పక్క దుకాణం మెట్లెక్కడం ఆయన చూడలేదు, నేను చూశాను.

ఇదంతా నవ్వుకుని వదిలేసేదాన్నే, మధ్యలో మా అత్తమ్మ లేకపోతే. అత్తమ్మ మరిపెడ దగ్గరి పల్లె నుంచి కొత్త కోడలిగా వరంగల్ వచ్చింది. అప్పటినుంచి కిరాయి ఇళ్లే. నగ అడగలేదు, పట్టుచీర అడగలేదు. ఒక్కటే అడిగింది, సొంత ఇల్లు. ఎందుకంటే కిరాయికి ఉన్నవాళ్లు పోతే శవాన్ని గడప లోపలికి రానివ్వరు. మా వాడకట్టులోనే ఒక ముసలాయన దవాఖానలో పోతే, ఇంటి ఓనరు గేటుకు తాళం వేశాడు. రోడ్డు మీద పరదా కట్టి, వానలో ఆయన్ను పడుకోబెట్టారు. ఆ రోజు అత్తమ్మ అన్నం ముట్టలేదు. "నేను సచ్చినంక నన్ను మన ఇంట్లనే పండవెట్టాలె బిడ్డా. హాల్ల నన్ను వెట్టిన శవం పెట్టె పట్టాలె, సుట్టూ మంది కూసోని పాటలు పాడాలె. గంతే," అంది నాతో.

దేవుడి దయ వల్ల ఖిలా వరంగల్ దగ్గర రెండు గదుల ఇల్లు అమ్మకానికి వచ్చింది. మా దగ్గరున్న డబ్బుకు సరిగ్గా సరిపోయేది. మా ఆయన సలహా కోసం పాస్టరు గారి దగ్గరికి వెళ్లాడు. "దేవుడు రాజు. రాజు బిడ్డలు రెండు గదులు అడిగితే రాజుకు నామర్దా కాదా?" అన్నారాయన. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఆ వారంలోనే ఆ ఇల్లు ఇంకెవరో కొనుక్కున్నారు. మా ఫ్రిజ్ మీదికి మాత్రం హనుమకొండలో అమ్మకానికున్న ఒక డూప్లెక్స్ ఫోటో ఎక్కింది. రోజూ దాన్ని చూసి కృతజ్ఞతలు చెప్పాలి. నేను పాలు తీసేటప్పుడల్లా చెప్పేదాన్ని, పాలకు.

తర్వాత యెరికో పద్ధతి మొదలైంది. బైబిల్లో ఆ పట్టణం చుట్టూ దేవుని ప్రజలు వారం రోజులు తిరిగితే గోడలు కూలాయి కదా, అలాగే మేమూ తెల్లబట్టలతో ఆ డూప్లెక్స్ చుట్టూ పొద్దున్నే తిరగాలి. ఆరాధనకు వచ్చేవాళ్లతో కలిసి ఇరవై మంది దాకా తిరిగాం. అత్తమ్మ నడవలేదు కాబట్టి ఆటోలో కూర్చుని చూసేది. మూల మీది చాయ్ కొట్టు ఆయన మొదట మేము వాకింగ్ వాళ్లమనుకున్నాడు. మూడో రోజుకు, "ఈడ ఏమన్న పెద్ద రోడ్డు పడతాందా అక్కా? జర చెప్పరాదు," అని నన్ను గుట్టుగా అడిగాడు. ఏడో రోజు కేకలు కూడా వేశాం. కుక్కలు వంతపాడాయి. గోడలు కదల్లేదు గానీ గేటు తెరుచుకుంది. ఓనరు నవ్వుతూ బయటికొచ్చి అందరికీ మంచినీళ్లు ఇప్పించి, "ఇంతమంది తిరుగుతాన్రంటే మా జాగకు మంచి గిరాకి ఉన్నట్టే. ఇగ పాత రేటుకు రాదు," అన్నాడు.

రెంటికీ చెడ్డ రేవడిలా ఇంటికొచ్చాం. మాతో వచ్చిన పాస్టరు గారు మాత్రం చెక్కుచెదరలేదు. "ఇంట్లో ఎవరో మరణపు మాటలు పలుకుతున్నారు. ఆశీర్వాదాన్ని అవే అడ్డుకుంటున్నాయి," అన్నారు. అందరూ అత్తమ్మ వైపు చూశారు. "అమ్మా, నీకు దండం పెడత. ఆ ముచ్చట ఇంకెప్పుడు తియ్యకు," అన్నాడు మా ఆయన. అత్తమ్మ తలూపింది. ఆ తర్వాత ఆ మాటే కాదు, ఏ మాటా పెద్దగా మాట్లాడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ముసలిదాని ఒక్క కోరికనూ నేరం చేసి కూర్చోబెట్టారు.

చలికాలంలో అత్తమ్మకు ఆయాసం ఎక్కువై దవాఖానలో ఉంచాల్సి వచ్చింది. ఇంటికి తీసుకొచ్చిన మర్నాడు మా ఇంటి ఓనరు సంత్రా పండ్లు పట్టుకుని వచ్చాడు. మంచివాడే. కుర్చీ అంచున కూర్చుని, "అమ్మకు ఎట్లున్నది? మల్ల ఏమన్న అయ్యేటట్టుంటే జర ముందుగాల చెప్పుండ్రి. మా పిల్ల పెండ్లి పెట్టుకున్నం," అన్నాడు. మా ఆయన ముఖం మాడిపోయింది. లోపలి గదిలో అత్తమ్మ దగ్గు ఆపుకుంటోంది. మాకు వినిపిస్తే ఓనరుకు వినిపిస్తుందని.

అతను వెళ్లాక నేను ఇక ఊరుకోలేదు. "మీ రాజు సంగతి తర్వాత. ముందు మీ అమ్మ సంగతి చూడుండ్రి," అన్నాను. సాయంత్రం చూస్తే ఫ్రిజ్ మీద ఫోటో లేదు.

నర్సంపేట రోడ్డు మీద, ఊరు దాటాక, రెండు గదుల ఇల్లు దొరికితే కొనేశాం. గృహప్రవేశానికి పాస్టరు గారిని పిలవక తప్పలేదు. ఆయన ముందు గదిలో నిలబడి, చేతులెత్తి, ఇది పునాది మాత్రమేనని, దీనిపై మూడంతస్తులు లేస్తాయని, ఈ తల్లి నూరేళ్లు బతికి అవన్నీ ఎక్కుతుందని ప్రార్థిస్తున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

అత్తమ్మ గోడ పట్టుకుని లేచింది. మెల్లగా గది మధ్యకు వచ్చి కొంగు సర్దుకుని, వాకిలి వైపు కాళ్లు చాపి నేల మీద వెల్లకిలా పడుకుంది. ఎవరో కెవ్వుమన్నారు. నీళ్లు, నీళ్లు అంటూ ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

"నాకేం కాలె," అంది అత్తమ్మ. "పెట్టె పడతదా లేదా అని కొలుసుకుంటాన. మీరు కానియ్యిండ్రి అయ్యగారూ." తల అటూ ఇటూ తిప్పి గోడలు చూసుకుంది. "గీ పక్క ఆడోళ్లు కూసుంటరు, గా పక్క మొగోళ్లు. సరిపోతదా బిడ్డా?"

పాస్టరు గారి చేతులు ఇంకా పైనే ఉన్నాయి. ఆమెన్ అనమన్నట్టు మా ఆయన వైపు చూశారు. ఆయన ఆమెన్ అనలేదు. వెళ్లి అత్తమ్మ తల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"సరిపోతదమ్మా," అన్నాడు. "నేను ఈడ, తలకాడ కూసుంట."

అత్తమ్మ ఆ జాగా కూడా ఒకసారి చూసుకుంది. తర్వాత లేపమని కొడుకుకు చెయ్యి అందించింది.