మట్టికి తాపిన నీళ్ళు

ఆ రోజు ఉదయం ఐదుంబావుకు కొళాయి వచ్చింది. కాలేజీ క్వార్టర్సులో ఆడవాళ్ళమంతా బిందెలతో లేచాం. వారంలో ఏ రోజు వస్తుందో, వస్తే ఎంతసేపు ఉంటుందో తెలియని నీళ్ళు అవి. నేను వంటింటి తొట్టి నింపుకుంటున్నాను. మా ఆయన మైదానంలో ఉన్నాడని తెలుసు. అక్కడ ఏం చేస్తున్నాడో చూసే తీరిక లేకపోయింది.

ఆయన ఫుట్‌బాల్ ఆటగాడు. గుమ్మఘట్ట పక్క పల్లె నుంచి బెంగళూరు వెళ్ళి అక్కడ ఒక కంపెనీ జట్టుకు, తర్వాత గోవాలో ఒక క్లబ్బుకు జీతానికి ఆడాడు. మోకాలు దెబ్బతిన్నాక క్లబ్బు వద్దంది. తొంభైల చివర్లో అనంతపురంలోని ఈ కాలేజీ ఆయనను కోచ్‌గా తీసుకుంది. ఒక ఏడాదికి మాత్రమే. ఆ తర్వాత సంగతి ప్రిన్సిపాల్ చూస్తారన్నారు. నాకు మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయినా బావా అనే పిలిచేదాన్ని.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మామ ఊరి నుంచి వచ్చి మంచం మీద కూర్చుని అడిగాడు.

"ఆడినందుకు జీతమిచ్చిరి, సరే. ఇప్పుడు ఆడిచ్చేదానికి గూడా ఇస్తారా?"

"ఇస్తారు నాయనా."

"ఎన్నాళ్ళిస్తారురా?"

 ఆ ప్రశ్న మా ఇంట్లో చాలా ఏళ్ళు ఉండిపోయింది.

కాలేజీ మైదానంలో గడ్డి అనేది లేదు. గరుసు, సన్న రాళ్ళు, ఎండకు కాలి గట్టిపడిన నేల. పిల్లలు బాగా పరుగెత్తేవారు. కానీ ఎవరూ కింద పడేవారు కాదు. బంతి పక్కనుంచి పోతున్నా గోల్‌కీపర్ చేతులు చాపి నిలబడేవాడే కానీ దూకేవాడు కాదు. ఆయన మొదట అది పిరికితనం అనుకున్నాడు. ఒక సాయంత్రం కీపర్‌ను మా వరండాలోనే నిలదీశాడు. వాడిది బెళుగుప్ప దగ్గర ఒక పల్లె. హాస్టల్లో ఉండి చదివేవాడు.

"గోల్‌కీపర్ పడకుంటే బంతి ఎవరు పట్టుకుంటారప్పా, పైనుండే దేవుడా?"

"పడితే తోలు లేచిపోతాది సార్. మళ్ళ చాప మీద పండుకోల్ల గదా."

లోపల వింటున్న నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. గోవాలో పొద్దున్నే మైదానం తడిపేవాళ్ళని, తడిసిన నేల మీద పడితే అమ్మ ఒడిలో పడినట్టు ఉండేదని నాకు చెప్పాడు. అమ్మ ఒడి అన్న మాట ఆయన నోటి నుంచి వచ్చినందుకు నాకు ఆశ్చర్యమేసింది. అలాంటి మాటలు మాట్లాడే మనిషి కాదు.

ఆ తర్వాత వచ్చిన మొదటి నీళ్ళరోజే, ఐదుంబావుకు కొళాయి వచ్చిన ఆ రోజు. హాస్టల్ తొట్టికి పోయే నీళ్ళకు ఆయన రబ్బరు పైపు తగిలించి రెండు వైపులా గోలు కర్రల ముందు నేల నానేదాకా పెట్టాడు. క్లబ్బుల్లో రోజూ జరిగే పని. అందులో తప్పేముందని ఆయనకు తోచలేదు. నీళ్ళు ఆగిపోయాయి. హాస్టల్ తొట్టి అడుగున తడి మాత్రం మిగిలింది.

కాసేపటికి తువ్వాళ్ళు కట్టుకున్న పిల్లలు మా ఇంటి ముందు నిలబడ్డారు. ఒకడి ఒళ్ళంతా నురగ.

"సార్, సబ్బు పూసుకోనుండాను. నీళ్ళు అయిపోయినాయి. ఇప్పుడేం జేయల్ల?"

 నేను మా బిందె తెచ్చి ఆ పిల్లవాడి మీద పోశాను. పక్కింటావిడ గోడ మీది నుంచి చూస్తూ, "మనుషులకు లేకున్నా మట్టికి తాపినాడంట మీ ఆయన," అంది.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ పిలిపించారు. ఏమన్నారో ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండానే చెప్పాడు.

"డిసెంబర్లో యూనివర్సిటీ పోటీలుండాయి కదా, ఆడ మర్యాదగా ఆడితే చూస్తాను, లేకుంటే ఎండాకాలం దాటినాక నీ దావ నువ్వు చూసుకో అన్నాడు."

"చూసుకోవాల్సొస్తే ఏం చేస్తావు బావా?"

"ఇంకేం పని వస్తాది నాకు?"

నిజంగానే ఆయనకు ఇంకో పని రాదు. ఊళ్ళో చేను ఉంది కానీ వేరుశనగ పోయి రెండేళ్ళయింది. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని, అదీ పర్మనెంటు కాదు. ఆ పూట వండిన అన్నం అలాగే ఉండిపోయింది.

మర్నాడు నా స్నానం నీళ్ళు బకెట్టులో పట్టి ఉంచాను. మా వీధిలో అందరూ చేసే పనే. ఆ నీళ్ళు గేటు దగ్గరి కానుగ మొక్కకు పోసేదాన్ని. ఆయన ఆ బకెట్టు ఎత్తుకున్నాడు.

"అది చెట్టుకి బావా."

"చెట్టు ఒక పూట ఆగుతాదిలే."

మైదానంలో గోలు ముందు పోసి, అక్కడే నిలబడి నేల పీల్చుకోవడం చూశాడు. ఆ వారం నుంచి జట్టులో ప్రతివాడూ టబ్బులో నిలబడి స్నానం చేసి, ఆ నీళ్ళు డబ్బాలో పట్టి మైదానానికి తేవాలన్నాడు. పిల్లలు ముందు గునిశారు, తర్వాత తెచ్చారు. క్వార్టర్సు ఇళ్ళ నుంచి కూడా కొందరు ఇచ్చారు. మట్టికి తాపినాడన్న పక్కింటావిడ కూడా ఇచ్చింది, "మా ఆయన మురికి దండిగా ఉండాది, బాగా నానుతాది చూడు," అంటూ. మైదానంలో సబ్బు వాసన వచ్చేది. సబ్బునీళ్ళ సార్ అని ఆయనకు పేరొచ్చింది.

నేను కిటికీలోంచి చూసేదాన్ని. నేల తడిగా ఉండేది కొద్దిసేపే. ఆ కాసేపట్లోనే కీపర్ దూకాలి, పడాలి, లేవాలి. మొదట కళ్ళు మూసుకుని పడేవాడు. తర్వాత బంతిని చూస్తూ పడ్డాడు. నేను మాత్రం బంతిని చూడలేదు. మా ఆయన నిలబడిన తీరు చూసేదాన్ని. భయపడ్డప్పుడు బరువంతా మంచి కాలి మీద వేసేవాడు. డిసెంబరు దాకా అలాగే నిలబడ్డాడు.

పోటీలు వేరే ఊళ్ళో జరిగాయి. సెమీఫైనల్ రోజు బడి నుంచి నేరుగా ఎస్టీడీ బూతుకు వెళ్ళి కూర్చున్నాను. బూతు నడిపే అన్న టీ తెప్పించాడు. ఆ టీ అలాగే చల్లారింది. చీకటి పడే వేళకు ఫోన్ వచ్చింది.

"ఓడిపోయినామే," అన్నాడు.

నేను రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాను.

"ఈడ నిజమైన గడ్డి ఉండాది. వాడు ఎప్పుడూ చూడలేదు గదా. వచ్చిన ప్రతి బంతికీ పడినాడు. బయటికి పోతాండే బంతికి గూడా పడినాడు. వేలు తగిలేసరికి అవతలోళ్ళకు కార్నర్ కిక్ వచ్చింది. దాన్నుంచే గోలు పడింది."

చెప్తూ ఆయన నవ్వుతున్నాడు. అంత బాగా నవ్వి చాలా కాలమైంది. నాకు మాత్రం ప్రిన్సిపాల్ ముఖమే కనిపిస్తోంది.

ఆ మ్యాచ్ చూడటానికి ప్రిన్సిపాల్ కూడా వెళ్ళారు. తిరిగొచ్చాక ఒకటే అడిగారట. "బయటికి పోయే బంతిని వాడెందుకు ముట్టుకున్యాడప్పా?"

"మెత్తని నేల దొరికింది సార్. ఆగలేకపోయినాడు," అని ఈయన చెప్పాడు.

దానికి ప్రిన్సిపాల్ అవుననలేదు, కాదనలేదు. జనవరి పోయింది, పరీక్షలు అయిపోయాయి, ఎండలు ముదిరాయి. ఎవరూ ఏమీ చెప్పలేదు. క్వార్టర్సు ఖాళీ చేయమంటారేమోనని నేను కొత్త సామాను ఏదీ కొనలేదు. అటక మీది పెట్టెలు దించి, దుమ్ము తుడిచి, మళ్ళీ పైన పెట్టాను. జూన్‌లో కాలేజీ తెరిచిన రోజు ప్రిన్సిపాల్ వరండాలో ఎదురుపడి, "ఇంకా ఈడే ఉండావేం, గ్రౌండుకు పో," అన్నారు. అంతే.

అప్పటినుంచి ప్రతి ఏడాదీ అలాంటి ఒక్క మాట మీదే ఆయన ఉద్యోగం నడిచింది. ప్రిన్సిపాళ్ళు మారారు. కొన్నేళ్ళు గెలిచారు, కొన్నేళ్ళు ఓడారు. గెలిచిన ఏడాది కూడా మే నెల వస్తే ఆయన అన్నం తగ్గించేసేవాడు. నేను పెట్టెలు తుడిచేదాన్ని. కానుగ మొక్క ఎదగలేదు, చావనూ లేదు.

ఆయన ఒక మే నెలలోనే పోయాడు. గుండె అన్నారు డాక్టర్లు. సంతాప సభలో చాలామంది చాలా పెద్ద మాటలు మాట్లాడారు. నేను ముందు వరసలో కూర్చుని ఆ మొదటి ఏడాది కీపర్ కోసం చూశాను. వాడు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చివర్లో నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఈ పొద్దు నీళ్ళు వచ్చినాయా?" అని అడిగాడు. వచ్చాయన్నాను.

జూన్‌లో కాలేజీ తెరిచారు. ఆ ఉద్యోగంలోకి ఎవరినీ తీసుకోలేదు. ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడాదితో ఆగిపోయింది. నేను క్వార్టర్సు ఖాళీ చేశాను. గోలు కర్రలు ఇంకా అక్కడే ఉన్నాయి. వాటి ముందు నేల మీద ఇప్పుడు ఎవరూ నీళ్ళు పోయరు.