సాయిలన్న నా భుజాన పెట్టిన ఇల్లు

నిన్న పొద్దున కొత్తవాడ నుంచి ఫోన్. సాయిలన్న కొడుకు.

"కాకా, బాపు పోయిండు."

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. మొన్న ఆదివారమే కదా చూసి వచ్చాం, నవ్వాడు కదా...

చాలాసేపు ఏడ్చాను. తర్వాత, నిజం చెప్తున్నా, గుండె తేలికైంది.

అలా ఎందుకైందో మన వాళ్లందరికీ తెలియాలి. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకోండి.

అరవైల మాట. నేనూ నా భార్య మార్తా కేసముద్రం మార్కెట్ యార్డులో పని చేసేవాళ్లం. నేను హమాలీ, ఆమె గింజలు చెరిగేది. మాకు ఇల్లు లేదు. యార్డులోనే ఒక మూల పడుకునేవాళ్లం. గుడిసె వేస్తే పొద్దున బండ్లు వచ్చే టైముకి యార్డు వాళ్లు పీకి పడేసేవారు.

సాయిలన్న జంపఖానాలు నేసేవాడు. అమ్ముకోవడానికి రైల్లో వచ్చేవాడు. అప్పుడు మార్తాకి ఏడో నెల. ఆమెనూ, మేం పడుకునే మూలనూ చూశాడు. వెళ్తూ వెళ్తూ అన్నాడు:

"ఇల్లు ఉండద్దంటాండ్రు గద తమ్మీ. ఎత్తుకపోయే ఇల్లు చేద్దాం తియ్."

రెండు వారాలకి భుజం మీద పొడుగాటి చుట్టతో రైలు దిగాడు. నాలుగు వెదురు బొంగులు, కప్పుకి దళసరి జంపఖానా. ఎర్రచారలది. పెళ్లిలో పదిమంది కూర్చునేంత పెద్దది.

నేత మనిషి కదా. ఎంత మందమైతే అంత గట్టి అనుకున్నాడు పాపం.

ఆ సాయంత్రమే వాన. జంపఖానా నీళ్లన్నీ తాగి బర్రెంత బరువైంది. బొంగులు విరిగి మొత్తం మార్తా మీద పడింది. బయటికి లాగాను. దెబ్బ తగల్లేదు గానీ, ఆమె తెల్లచీరంతా జంపఖానా నుంచి దిగిన ఎరుపే.

ఒక సేటు నవ్వాడు. "ఇల్లు నేసినవా, వల నేసినవా సాయిలూ?"

సాయిలన్న ఇంటికి పోలేదు. అక్కడే కూర్చుని చిరిగిన గోనె సంచులు కుట్టాడు. రోడ్డు వేసేవాళ్ల దగ్గర మిగిలిన తారు అడుక్కొచ్చి పూశాడు. జంపఖానాని కింద పరిచాడు. ఒక్క లాగుతో ఊడే ముళ్లు వేశాడు. మగ్గం మీద బట్ట చుట్టినట్టు ఇల్లంతా ఒకే బొంగుకి చుట్టేలా డిజైన్ చేశాడు.

ఫోల్డింగ్ ఇల్లు అన్నమాట! పొద్దున మొదటి బండి గంట వినపడగానే చుట్టి భుజాన వేసుకునేవాణ్ని. యార్డులో మిగతా కుటుంబాలకీ చేసిపెట్టాడు.

దాంట్లోనే పుట్టింది నా దయమణి. పట్టపగలు, కుండపోత వాన; బండ్లు రాలేదు, ఇల్లు చుట్టే పని పడలేదు. నిమిషానికోసారి లోపలి నుంచి కప్పు తడిమి చూశాను. పొడి. పొడి. పొడి.

నా అంత సంతోషపడ్డవాడు ఆ రోజు లోకంలో ఇంకొకడు లేడు.

కానీ సాయిలన్న ఆ రోజు ఊళ్లో లేడు. మొదటి ఇల్లు కూలింది ఆయన మనసులోంచి పోలేదు. వాన పడ్డప్పుడల్లా అదే ప్రశ్న, నిన్నమొన్నటి దాకా. "ఆ దినం బిడ్డ తడ్వలే గద?" తడవలేదంటే నమ్మడు. నా మనసు కోసం చెప్తున్నావంటాడు.

ఈమధ్య మార్తా పాత పెట్టెను దయమణి సర్దుతుంటే ఒక తెల్లగుడ్డ దొరికింది. పుట్టగానే తనను పడుకోబెట్టిన గుడ్డ. అప్పుడు కింద వేసిన ఆ జంపఖానా మీదే పరిచిన గుడ్డ.

ఆదివారం దాన్ని పట్టుకుని వెళ్లాం. బయట జల్లు. ఆయన మంచంలోంచి కిటికీ వైపే చూస్తూ మళ్లీ అదే అడిగాడు.

నా బిడ్డ, రిటైరైన నర్సమ్మ, మనవలున్నది, ఆ గుడ్డ ఆయన చేతిలో పెట్టింది.

"పెద్దబాపూ, నువ్వే చూస్కో."

వేళ్లతో అంచు నుంచి అంచు దాకా తడిమాడు. వెలుగుకి ఎత్తిపట్టి చూశాడు. ఎక్కడా ఎర్రచుక్క లేదు.

"రంగు దిగలే," అన్నాడు. "నీళ్లు తగల్లే."

నవ్వాడు. అరవై ఏళ్ల బరువు దిగిన నవ్వు.

ఇప్పుడు అర్థమైందా, నా గుండె ఎందుకు తేలికైందో?

పోయి రా సాయిలన్నా. మీ దేవుడూ మా దేవుడూ కలిసి నీకు చల్లని నిద్ర ఇవ్వాలి.

ఎంత వాన పడ్డా ఇంక లేవకు. మేం తడవలేదు.