రూప్లా మడిలో నా పంపు

రెండేళ్ల కిందటి వానాకాలం వరి కోతలు అయ్యాక, బాన్సువాడ దగ్గరి ఒక తండాలో ఆర్గానిక్ రైతుల గ్రూపు కూర్చున్న చోట నేనూ ఉన్నాను. దొంగతనంగా పురుగుమందు కొట్టాడని గ్రూపులోని రైతు రూప్లా నాయక్‌ను నిలదీశారు. ఆ మందు ఎక్కడిదో నాకు తెలుసు. ఆ సంగతి దాచాను.

నాది మందు కొట్టే పని. పవర్ స్ప్రేయర్, అంటే పెట్రోలుతో నడిచే పంపు, వీపున వేసుకొని కిరాయికి ఊరూరా తిరుగుతాను. నాజిల్, అంటే మందు చిమ్మే మూతి, నా చేతిలో ఉంటే చివరి గట్టు దాకా ఒక్క మొక్క కూడా తడవకుండా మిగలదు. గాలి వాటం చూడందే పంపు ఎత్తను. "సాయిలు కొట్టిండంటే మళ్ల చూసుకునుడు ఉండదు" అని కాలువ కింది రైతులు చెప్పుకుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది.

ఆ కోతలకు ముందు రూప్లా నన్ను పిలిచింది వేపగింజల కషాయం కొట్టడానికి. అతని చేయి బెణికింది. ఆర్గానిక్ అంటే ఏందని అడిగితే నవ్వాడు.

"మా తాత చేసిందే అన్న. పెంట, ఆకు, చేన్ల గొర్రెల మంద పెట్టుడు. గప్పుడు దానికి పేరే లేకుండె. యూరియా వచ్చినంక పాతదానికి పేరు పెట్టాల్సొచ్చింది."

"మరి ఆర్గానిక్ అని గీ సర్టిఫికెట్ ఎందుకు?"

"కొనేటోడు నా మడి చూడడు గదా. పక్క రైతు వచ్చి చూసి, రూప్లా మందు కొట్టలే అని నా తరఫున మాటియ్యాలె. గా మాటనే ఆర్గానిక్."

ఆ పొద్దున నేను క్యాంపులో, అంటే కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊళ్లో, వరికి పురుగుమందు కొట్టి నేరుగా వచ్చాను. పంపు ట్యాంకును కాలువ నీళ్లతో ఒకసారి కడిగాను. మా పనివాళ్లం చేసేది అంతే. ఒక మందు తర్వాత ఇంకో మందు, అడుగున కాస్త మిగిలితే ఏమవుతుంది? కషాయాన్నీ అలాగే లెక్కగట్టాను. కంకులు పాలు పోసుకుంటున్నాయి. ఎప్పటిలాగే పొందికగా కొట్టాను.

కోతలయ్యాక రూప్లా వడ్లు రెసిడ్యూ టెస్ట్‌కు, అంటే గింజలో మందు జాడ చూసే పరీక్షకు పోయాయి. జాడ దొరికింది. ఆ రోజు అందరూ కూర్చున్న చోట గ్రూపు పెద్ద గంగారాం ఆ సంగతి చెప్పగానే నేను ఒక్కసారే కడిగిన ట్యాంకు కళ్ల ముందు మెదిలింది.

"కొట్టలేదంటవ్. మరి మందు వానల కురిసిందా?" అన్నాడు గంగారాం. అందరూ నవ్వారు. "నీ ఒక్కని వల్ల మా వడ్లు గూడ ఎవడు కొంటడు?"

"నా పిల్లల మీద ఒట్టు. సాయిలన్నను అడుగుండ్రి, కషాయం కొట్టింది ఆయననే," అన్నాడు రూప్లా.

"నేను కషాయమే కొట్టిన," అన్నాను.

రూప్లాను గ్రూపులోంచి తీసేశారు. చేరాలంటే మందు లేకుండా పండించిన ఏళ్ల లెక్క మళ్లీ మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలన్నారు. నా పనికి మచ్చ వస్తుందన్న భయంతో అతని పరువు పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

అయినా రూప్లా యూరియా వైపు పోలేదు. అదే పెంట, అదే కషాయం. వడ్లు మాత్రం మామూలు వాటితో కలిపి అమ్ముకున్నాడు. మొన్నటి వానాకాలం ఫోన్ చేశాడు. "కషాయం కొట్టాలె, రా అన్న. నీ చెయ్యి మంచిగుంటది."

ఆ మాటకు ఆగలేకపోయాను. కషాయాలకని విడిగా కొత్త పంపు కొన్నాను. ట్యాంకుకు పచ్చరంగు పూశాను. ఇవాళ ఈ చుట్టుపక్కల ఆర్గానిక్ మడుల్లో తిరిగేది ఆ పంపే. దాని మూత తీసి వాసన చూడమని ప్రతి రైతుకూ ముందే చెబుతాను. ఇన్నేళ్ల నా పనితనంలో నాకు ఎక్కువ గర్వం దాని మీదే.

దాన్ని మొదటిసారి ఎత్తుకొని పోయింది రూప్లా మడికి కాదు, గ్రూపు కూర్చున్న చోటికి. అందరి ముందూ దింపాను.

"గంగారాం అన్నా, గా మందు రూప్లాది కాదు. నా పాత పంపుల మిగిలింది. నాకు గా రోజే ఎరుక."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రూప్లా వైపు తిరిగాను.

"నా పని మంచిదనిపించుకోనీకి నిన్ను దొంగను చేసిన. మాఫ్ చెయ్ తమ్మీ."