డెమో క్లాసులో ఆరంకెల సంఖ్య

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోను కొన్నవాళ్లు దాన్ని చొక్కా జేబులోంచి బయటికి కనిపించేలా పెట్టుకునే రోజుల్లో, లెక్చరర్ ఉద్యోగానికి డెమో క్లాసు పెళ్లిచూపులకన్నా ఘోరంగా ఉండేది (అక్కడైతే మనం నోరు విప్పకపోయినా మెచ్చుకుంటారు). ఎమ్మెస్సీ లెక్కలు పాసై రెండు డెమోల్లో తేలిపోయిన నేను, ఏలూరులో పాసింజరెక్కి తాడేపల్లిగూడెంలో మూడో కాలేజీకి వెళ్లాను. ఇదీ పోతే జంగారెడ్డిగూడెంలో మా పిన్ని ఫ్యాన్సీ షాపులో కూర్చోవాలని టైలరింగు చేసే మా నాన్న ముందే తేల్చేశాడు. గాజులమ్ముకునే బతుకు తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

కాలేజీ యజమానిని అందరూ కరస్పాండెంటుగారనేవారు. ఆయన బోర్డు పక్కనే కుర్చీ వేయించుకున్నారు. నేను పిల్లలవైపు తిరిగి, "మీలో ఒకరొచ్చి మూడంకెల సంఖ్య ఏదైనా సరే, పక్కపక్కన రెండుసార్లు రాయండి. నేను చూడను. ఆ ఆరంకెల సంఖ్య ఏడుతో, పదకొండుతో, పదమూడుతో శేషం లేకుండా పోయి తీరుతుంది!" అన్నాను. అలా రాయడమంటే వెయ్యిన్నొకటితో గుణించడమే, వెయ్యిన్నొకటేమో ఈ మూడింటి లబ్ధం. తప్పే ప్రసక్తే లేదు.

సుద్దముక్క చప్పుడు రెండుసార్లు వినిపించింది. వెనక్కి తిరిగి ఏడుతో భాగించాను. శేషం ఒకటి! పదకొండుతో చేశాను. ఒకటి! పదమూడుతోనూ ఒకటే! ముందు బెంచీ పిల్ల నోరు మూసుకుని నవ్వుతోంది. నాకు కళ్లముందు గాజులు కనిపించాయి. అప్పుడు తట్టింది, మూడింటికీ ఒకే శేషమా? అప్పటికిగానీ (లెక్కల గోల్డ్ మెడల్ కళ్లు!) బోర్డుమీద 634635 అని ఉన్నట్టు కనపడలేదు.

"ఇందులో ఎవరో ఒకటి కలిపారండీ!" అని అరిచాను.

కరస్పాండెంటుగారు కుర్చీలోంచి లేచిపోయారు. "అమ్మబాబోయ్! ఎలా పట్టేశారండీ? నేనేనండీ. పిల్లలు రాసిన అంకెలన్నీ కూడితే ఇరవయ్యారు, రెండూ ఆరూ ఎనిమిదండీ. పాపం ఆడపిల్ల, ఎనిమిదితో మొదలెడితే ఉద్యోగం నిలవదని చివరి నాలుగుని అయిదు చేసి తొమ్మిది తెప్పించానండీ. మీ మంచికేనండీ!"

నాకు ఒళ్లు మండిపోయింది. "మీరే చెరిపి నాలుగు వెయ్యండి సార్," అన్నాను. తమ బండి నంబరుకీ, ఫోను నంబరుకీ తొమ్మిది వచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆ పెద్దమనిషి, అయిదు చెరిపి నాలుగు వేసి, మళ్లీ మూడుసార్లూ భాగించమని నన్నడిగి, శేషం లేకుండా పోతుంటే పసిపిల్లాడిలా నోరు తెరిచి చూశారు. "నంబర్లో ఇంతుందా అండీ! రేపు మటుకు ఎనిమిదో తారీఖండీ. ఎల్లుండొచ్చి చేరిపోండి," అన్నారు.

ఎల్లుండే వెళ్లాను, నోరెత్తకుండా.

ఇప్పుడైతే ఆ అయిదుని చూసీ చూడనట్టు తుడిచేసి, పెద్దాయన నొచ్చుకోకుండా పాఠం ముగించేదాన్ని. ఉద్యోగం లేకపోతే గడవని ఆ బక్కపిల్లకి అంత పొగరెక్కడిదో గానీ, తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది.