కొట్టంలో ఆగిపోయిన పూజ

నా చిన్నప్పుడు మా కతోలిక గుళ్ళో ఫాదర్ మాకు వీపే చూపించేవారు. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు, నవ్వనీ. ఆయన గోడకు ఆనించిన పీఠం వైపు తిరిగి లత్తీనులో, అంటే లాటిన్ భాషలో, పూజ చేసేవారు. మేం వెనక మోకాళ్ళ మీద ఉండి, ఆయన ఒక మాట అంటే దానికి లత్తీనులోనే మారు పలికేవాళ్ళం. ఒక్క ముక్కకు అర్థం తెలియదు. అయినా బోధన్ చుట్టుపక్కల చెరకు పొలాల్లో వారమంతా ఒళ్ళు హూనం చేసుకునే మా వాళ్ళు ఆదివారం ఆ మాటలు అంటుంటే, ఊళ్ళో ఇంకెవరికీ లేని ఆస్తి ఏదో మాకున్నట్టు ఉండేది.

ఆ మాటలు మాకు నేర్పింది మా తాత. చిన్నతనంలో తెల్లదొర ఫాదర్ పక్కన నిలబడి పూజకు సాయం చేస్తూ నేర్చుకున్నాడట. చెరకుకు నీళ్ళు కట్టే వేళ మమ్మల్ని కాలువ గట్టు మీద కూర్చోబెట్టి పలికించేవాడు. తప్పితే చెవి మెలేసేవాడు. నా ఎడమ చెవి కాస్త సాగినట్టుందని నా మనవలు వెక్కిరిస్తుంటారు, కారణం అదే.

అరవైల చివర్లో పట్నం నుంచి కొత్త ఫాదర్ వచ్చారు. కుర్రాయన. ఒక ఆదివారం మేం వెళ్ళేసరికి పీఠం గోడ నుంచి ముందుకు జరిగి ఉంది. పీఠానికీ మాకూ మధ్య అడ్డంగా ఉండే కటకటాలు తీసేశారు. ఆయన పీఠం వెనక నిలబడి, మా ముఖాలు చూస్తూ, తెలుగులో పూజ మొదలుపెట్టారు. రోములో పెద్దలంతా కూడి నిర్ణయించారట, మా మేత్రాణులు, అదే బిషప్పుగారు, కూడా ఒప్పుకున్నారట. తాత మధ్యలోనే లేచి కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆయన వెనకే మరికొన్ని ఇళ్ళవాళ్ళు లేచారు.

తాతది ఉత్త మొండితనం అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఆ గుడికి ఇటుకలు మోసింది ఆయన. కట్టేటప్పుడు మా భుజాలు కావాలి, మార్చేటప్పుడు మా మాట అక్కర్లేదా? “నిన్నటిదాంక పాపమన్నది ఇయ్యాల పాపం గాదట. రేపు ఇంకేం మారుస్తరో ఎవలకెరుక? మేత్రాణుల మాట సుత ఇగ నేను నమ్మ” అన్నాడు ఆ రోజు అన్నం ముందు కూర్చుని. అన్నం ముట్టలేదు.

అసలు దెబ్బ నాకు తగిలింది. ఆ ఏడే నేను మొదటిసారి సత్ప్రసాదం, అంటే పూజలో ఫాదర్ ఇచ్చే అప్పం, తీసుకోవాలి. మా మేనత్త తెల్ల గౌను కుట్టి పెట్టింది. ఆ ఫాదర్ చేతి నుంచి నా మనవరాలు తీసుకోదని తాత తేల్చేశాడు. వచ్చే ఆదివారం నుంచి ఊరి చివర బెల్లం వండే కొట్టంలో పాత పద్ధతిలో మన పూజ మనమే చేసుకుందామని ఆ ఇళ్ళవాళ్ళంతా అనుకున్నారు. నేను గౌనులో ముఖం పెట్టుకుని ఏడ్చాను.

నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. లత్తీను పూజ అంటే తాత కన్నా ఆమెకే ఎక్కువ ప్రాణం. కొత్త పూజ ఆమెకూ మింగుడు పడలేదు. తాతతో వాదిస్తుందని కాచుకుని కూర్చున్నాను. ఆమె వాదించలేదు సరికదా, తానూ వస్తానంది. ఆదివారం పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి కొట్టం ఊడ్చి, నీళ్ళు చల్లింది. చెరకు నరకడం అయిపోయిన రోజులు కాబట్టి కొట్టం ఖాళీగానే ఉంది. తాత పొయ్యి గట్టు మీద తెల్ల పంచె పరిచి సిలువ నిలబెట్టాడు. అందరం మోకాళ్ళ మీద కూర్చున్నాం.

కూర్చుని, ఎదురు చూశాం. ఎవరూ నోరు తెరవలేదు. మాకు వచ్చినవన్నీ మారు మాటలే. ఫాదర్ ముందు ఒకటి అంటేనే మేం రెండోది అనాలి. అలవాటు కొద్దీ మా చిన్న తాత “ఎత్ కుమ్ స్పిరితు తువో” అనేసి, ఎవరికి జవాబిచ్చాడో తెలియక బిత్తరపోయి చుట్టూ చూశాడు.

అప్పుడు అవ్వ మెల్లగా తాత వైపు తిరిగింది. “మొదటి మాట నీకొచ్చు గదా, నువ్వే అను మరి” అంది. నిజమే, ఆయనకు పూజంతా కంఠతా వచ్చు. తాత నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అభిషేకం పొందిన ఫాదర్ చేయి తప్ప ఇంకెవరూ ఆ పనికి పూనుకోకూడదని మా చెవులు మెలేసి చెప్పింది ఆయనే. ఆ పాత పద్ధతే ఆయన నోరు కట్టేసింది. ఆయన నుదుట చెమట పట్టడం చూసి నాకు జాలేసింది.

మేత్రాణులతో తెగదెంపులు చేసుకున్న ఫాదర్ ఒకాయన మరాఠా వైపు ఉన్నాడనీ, పిలిస్తే వచ్చి పాత పూజే చేస్తాడనీ వెనక నుంచి ఎవరో అన్నారు. “గాయనను ఎవలు పంపిన్రు?” అని అడిగాడు తాత. ఎవరూ పంపలేదని అవతలి మనిషి నసిగాడు. తాత తల అడ్డంగా ఊపాడు; ఎవరూ పంపని ఫాదర్ ఆయన లెక్కలో ఫాదరే కాదు.

“నీ కోపం నాకూ ఉన్నది” అంది అవ్వ, అందరూ వినేలా. “గని గుడి గా కొత్త ఫాదర్ అబ్బ సొమ్మా, ఇడిసిపెట్టి వచ్చినవ్? గుడి సుత మనిల్లే, కొట్లాడేదుంటే ఇంట్ల కూసోని కొట్లాడు. నా జాగ నేనైతే ఇడువ.” ఆమె నా చేయి పట్టుకుని లేచి సరాసరి గుడికి నడిచింది. గుళ్ళో తెలుగు పూజ సగం అయిపోయింది. అవ్వ ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది.

మరుసటి ఆదివారం తాత గుడికి వచ్చాడు. పూజ అయ్యాక ఫాదర్ ఎదుట నిలబడి, “మీరు జేసింది నాకు నచ్చలే ఫాదర్. పానం పోయినా నచ్చది. గని నేను ఏడికీ పోను” అన్నాడు. ఫాదర్ ముఖం ఎర్రబడింది. అయినా మాటకు అడ్డు రాకుండా చివరిదాకా విన్నారు. ఆయన పద్ధతి మార్చుకోలేదు, తాత మనసు మారలేదు.

నా సత్ప్రసాదం రోజున నేను తెల్ల గౌనులో ముందు వరసలో ఉన్నాను. ఫాదర్ తెలుగులో మాట అన్నారు, గుడంతా తెలుగులో బదులిచ్చింది. తాత ఒక్కడూ లత్తీనులో, గట్టిగా, ఒక్కో అక్షరం ఒత్తి పలికాడు. ఆయనది పూర్తయ్యే దాకా ఫాదర్ చేతులు చాచి అలాగే ఆగారు. తర్వాతే రెండో మాట ఎత్తుకున్నారు. తాత బతికినన్నాళ్ళూ ప్రతి ఆదివారం అలాగే జరిగింది.

పెళ్ళయ్యాక నిజామాబాద్‌లో బీడీలు చుట్టాను, అక్కడి ఆడవాళ్ళ సంఘంలో ఏళ్ళ తరబడి తిరిగాను. సంఘం పెద్దలు మమ్మల్ని అడక్కుండా నిర్ణయాలు చేసిన రోజులు బోలెడు. వేరు పడదాం పదమని తోటివాళ్ళు లేచిన ప్రతిసారీ నా కాళ్ళూ చెప్పుల కోసం వెతికాయి. కానీ లేవలేదు. నచ్చలేదని ముఖం మీదే చెప్పి, మళ్ళీ అక్కడే కూర్చున్నాను. ఇవాళ్టికీ అంతే. నన్ను ఒప్పించలేకపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు, లేపగలిగినవాళ్ళు మాత్రం ఇంకా పుట్టలేదు.