నా మాటలు విన్న టైపు మేడంగారు

మా టైపు మేడంగారు పోయారు. ఆవిడ గది కింద బట్టలు కుట్టే ఆయన రెండు వారాల కిందట ఒక పొద్దున్నే ఫోను చేశాడు. "పాలాయన ఎంత కొట్టినా తలుపు తియ్యలేదండీ. నిద్దట్లోనే పోయేరన్నారు డాక్టరుగారు. మీకు చెప్పాలనిపించిందండీ" అన్నాడు. నేనప్పుడు రాజోలు దగ్గర మా పీచు షెడ్డులో ఉన్నాను. మబ్బు పడుతోంది. ఆరబెట్టిన పీచు లోపలికి తీసెయ్యమని ఆడవాళ్లకు పురమాయించి, అదయ్యేదాకా నిలబడి, అప్పుడు వెళ్లి అమలాపురం బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాక గాని ఏడుపు రాలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు, చదువు చెప్పినావిడా కాదు. నా వ్యాపారం గురించి పైవాళ్లకు చెప్పుకోవడానికి కంప్యూటరు మీద స్లైడ్లు చేసి ఇచ్చేవారు. నేను పని ఇచ్చేదాన్ని, ఆవిడ చేసేవారు. అంతే కదా అని సరిపెట్టుకుందామంటే మనసు ఒప్పుకోవడం లేదు.

తొంభైల్లో అమలాపురంలో ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ తెలియనివాళ్లు లేరు. ఉద్యోగం కావాలనుకున్న ప్రతివాళ్లూ ఆ మెట్లెక్కారు. కంప్యూటర్లు వచ్చాక ఒక్కొక్కరే రావడం మానేశారు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు, ఆ గది వెనకే వంటా పడకా. టైపు మిషన్లను అమ్మబుద్ధి కాక, గుడ్డ తొడుగులు వేసి బల్లల మీదే ఉంచేశారు. మూలన తనూ ఒక కంప్యూటరు పెట్టుకుని, బ్యాంకు వాళ్ల ముందో పెద్ద కంపెనీ ముందో నిలబడి చెప్పుకోవాల్సిన రొయ్యల చెరువులవాళ్లకీ, నూనె మిల్లులవాళ్లకీ స్లైడ్లు చేసిపెట్టడం మొదలెట్టారు.

మావారు మస్కట్‌లో ఉంటారు. కొబ్బరి పీచుతో తాళ్లు, కాళ్లు తుడుచుకునే పట్టాలు చేసే మా షెడ్డు మామగారిది. ఆయన పోయాక నా నెత్తిన పడింది. సరుకు కొనేవాళ్లు తగ్గిపోయి దిక్కు తోచని రోజుల్లో, విశాఖలో ఒక ఎగుమతి కంపెనీవాళ్లు "స్లైడ్లు వేసి మీ సరుకు గురించి చెప్పండి, నచ్చితే ఆర్డరిస్తాం" అన్నారు. అది రాకపోతే షెడ్డు మూసెయ్యడమే. "మూసేసి హాయిగా ఇంట్లో కూర్చో" అని మావారు ఫోనులో అంటూనే ఉన్నారు. ఆ కూర్చోవడమంటేనే నాకు భయం. షెడ్డు నడిచినన్నాళ్లూ సాయంత్రం దాకా పదిమంది గొంతులు వినబడతాయి. అది లేకపోతే ఆ ఇంట్లో నేనూ, టీవీ. ఈ మాట ఆయనతో ఎన్నడూ అనలేదు.

ముందు ఒక కంప్యూటరు సెంటరులో చేయించాను. అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చి పడేవి, పడ్డప్పుడల్లా చప్పట్లు వినిపించేవి. నాకే కళ్లు తిరిగాయి. అప్పుడెవరో మేడంగారి పేరు చెబితే వెళ్లాను.

"బొమ్మలు కావాలండీ" అన్నాను.

"బొమ్మల సంగతి తరవాత చూద్దారండి. ముందు మీకేం కావాలో చెప్పండి."

"ఆర్డరండీ."

"ఆయ్. రాకపోతే?"

"షెడ్డు మూసెయ్యాలండీ."

"మూసేస్తే మీకేవవుతుంది?"

డబ్బు పోతుందనో, కూలివాళ్లకు పని పోతుందనో అందామనుకున్నాను. నోట్లోంచి ఇంకొకటి వచ్చింది. "నాతో మాటాడేవాళ్లుండరండీ" అన్నాను. ఆవిడ నవ్వలేదు, అయ్యో పాపం అనీ అనలేదు. కుర్చీ నా వైపు తిప్పుకుని, "అయితే మొదట్నించీ చెప్పండి. వినేది నేనొక్కదాన్నే కాదు, అదుగో, అందరికీ వినబడేలా చెప్పండి" అని తొడుగులేసిన మిషన్ల వైపు చెయ్యి చూపించారు. ఆవిడ పద్ధతి అది. ఎంత పెద్ద వ్యాపారస్తుడొచ్చినా ముందు ఆ మిషన్ల ఎదుట నిలబడి తన మాట చెప్పాల్సిందే. తడబడితే మళ్లీ మొదటికి. అది కుదిరాకే స్లైడు తెరిచేవారు.

నేను చెబుతుంటే ఆవిడ టైపు చేసేవారు. ఏళ్ల తరబడి నేర్పిన చేతులు, మీట చూడక్కర్లేదు, తెర చూడక్కర్లేదు. నా ముఖంలోకే చూస్తూ కొట్టేవారు. అంతసేపు నా ముఖం చూస్తూ నా మాట విన్నవాళ్లు నాకు అంతకుముందు లేరు. అలా వినేవాళ్లుంటే మనిషికి ఎన్ని మాటలొస్తాయో ఆ రోజే తెలిసింది.

ఫోటోలు కావాలన్నారు. ఫోటోగ్రాఫరొస్తున్నాడని తెలిసి మా ఆడవాళ్లంతా పెళ్లి పట్టుచీరలు కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని వచ్చారు. తాడు పేనే మిషనుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ కూడా వేశారు. నేనూ మెడలో ఉన్నవన్నీ వేసుకున్నాను. మురిసిపోతూ ఆ ఫోటోలు తీసుకెళ్లి ఇచ్చాను. మేడంగారు ఒక్కొక్కటీ తిరగేసి, "ఇది పనాండీ, పేరంటవాండీ? తాంబూలం ఎక్కడ?" అన్నారు. ఆ తరవాత చెప్పాపెట్టకుండా ఒక మంగళవారం కెమెరా తగిలించుకుని మా షెడ్డుకొచ్చేశారు. మేమంతా తలకి తువ్వాళ్లు చుట్టుకుని, పీచు దుమ్ములో మునిగి ఉన్నాం. "చెప్తే ముస్తాబయ్యేవాళ్లం కదండీ!" అని ఆడవాళ్లు గోల. "అందుకే చెప్పలేదమ్మా" అన్నారావిడ. మధ్యాహ్నం మాతోపాటే కింద కూర్చుని పులుసన్నం తిన్నారు. పదిమందిలో కూర్చుని తిని ఎన్నాళ్లయిందో అని నాతో మెల్లిగా అన్నారు.

విశాఖలో ఆ దుమ్ము ఫోటోలే వేశాను. ఎదురుగా కూర్చున్న పెద్దమనుషుల ముఖాలు చూడకుండా, మిషన్లకు చెప్పినట్టే చెప్పాను. చిన్న ఆర్డరు ఇచ్చారు. తెల్లవారి బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా ఆవిడ గదికే వెళ్లాను. "ఇచ్చేరండీ!" అన్నాను మెట్ల మీంచే. "రండి, కూర్చుని చెప్పండి. ఏవడిగేరు, మీరేం చెప్పేరు?" అన్నారు, కాఫీ కలుపుతూ.

తరవాత ఏటా వెళ్లేదాన్ని. అక్షరం పెద్దదిగా పెడితే చెప్పేవాళ్ల భయం తగ్గుతుందనేవారు. ఒక స్లైడు మీద ఒకే మాట ఉండనిచ్చేవారు. "రెండో మాటకి ఇంకో స్లైడు తీసుకుందారండి, మనదేం పోయింది" అనేవారు. పని అయిపోయినా, "రేపొకసారి రండి, ఆ రంగు చూద్దాం" అనేవారు. రంగు బాగానే ఉండేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా నేను వెళ్లేదాన్ని, ఆవిడ నీలాన్ని కాస్త చిక్కన చేసి, మళ్లీ పలచన చేసేవారు. ఒకసారి ఎందుకో, "ఈ గదిలో ఒకప్పుడు పక్కవాళ్ల మాట వినబడేది కాదండి, అంత చప్పుడు. ఇప్పుడు గడియారం కూడా వినబడుతోంది" అన్నారు. నా ఇల్లూ అంతే కదా.

ఆ రోజు బస్సు దిగి వెళ్లేసరికి కాకినాడ నుంచి ఆవిడ తమ్ముడి కొడుకు వచ్చి ఉన్నాడు. మంచివాడే. "మీరేవవుతారండీ?" అనడిగాడు. "పని చేయించుకునేదాన్నండీ" అన్నాను. అతను తలూపి, వెనకాల ఉన్న కుర్చీ చూపించాడు. చుట్టాల వెనక కూర్చుని ఏడవడానికి కూడా మొహమాటపడ్డాను. కార్యక్రమాలయ్యాక అతను మిషన్లూ, బల్ల మీది పాత ల్యాండుఫోనూ ఎక్కడివక్కడే ఉంచి, గదికి తాళం వేసి వెళ్లిపోయాడు.

నిన్న విశాఖ వెళ్లాను, ఆవిడ పూర్తి చేసి ఇచ్చిన స్లైడ్లతో. ఈ ఏడు పెద్ద ఆర్డరే ఇచ్చారు. ఆడవాళ్లకు రెండేళ్లు పనికి లోటుండదు. గబగబా బయటికొచ్చేశాను. వచ్చాక ఎవరికి చెప్పాలో తెలియక వసారాలోనే నిలబడిపోయాను.

వెనకాలే ఆ కంపెనీలో కొత్తగా చేరిన కుర్ర ఆఫీసరు వచ్చాడు. "మీ స్లైడ్లు ఎవరు చేసేరండీ? మాకూ అలాంటి మనిషి కావాలి. నెంబరిస్తారా?" అన్నాడు.

అలవాటుగా చెప్పేశాను. నోటికొచ్చిన నెంబరు కదా, ఒక్క అంకె తడబడలేదు. అతను అక్కడే సెల్లు తీసి కొట్టాడు. మోగుతోంది. చెవికి దూరంగా పట్టుకున్నాడు కాబట్టి నాకూ సన్నగా వినబడుతోంది.

"ఎవరూ ఎత్తట్లేదండీ. పెట్టెయ్యనా?"

"ఉండండి" అన్నాను. "ఇంకాసేపు మోగనివ్వండి."